రెసిడెన్సీ, పీహెచ్‌డీ కలిపి చేయాలా? వెటర్నరీ క్లినికల్ పాథాలజీకి వచ్చేవాళ్ల కోసం

"మేడమ్, రెసిడెన్సీ ఒక్కటే చేయమంటారా, పీహెచ్‌డీతో కలిపి చేయమంటారా?" అమెరికాలో వెటర్నరీ క్లినికల్ పాథాలజీ చేద్దామనుకుంటున్న మన డాక్టర్లు నన్ను ముందుగా అడిగేది ఇదే. రెసిడెన్సీ అంటే డిగ్రీ తర్వాత స్పెషలిస్టు కావడానికి కేసులు చూస్తూ చేసే శిక్షణ. నేను రెండూ కలిపే చేశాను. ఇప్పుడు ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో రెసిడెంట్లతో కలిసి స్లైడ్లు చూస్తాను, వాళ్లలో కొందరి థీసిస్ కమిటీల్లో ఉంటాను. అడిగినవాళ్లందరికీ ఒకే జవాబు చెప్పను. చెప్పే జాగ్రత్తలు మాత్రం ఎవరికైనా అవే కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఈ రంగం గురించి రెండు ముక్కలు. బతికున్న జంతువు నుంచి తీసిన రక్తం, మూత్రం, బోన్‌మారో, గడ్డలోంచి సూదితో లాగిన కణాలు, పొట్టలోనో ఛాతీలోనో చేరిన నీరు, వీటిని చదివి జబ్బేమిటో చెప్పడం మా పని. పోస్ట్‌మార్టం, బయాప్సీ ముక్కలు చూసేది అనాటమిక్ పాథాలజీ. అమెరికాలో ఈ రెండింటికీ రెసిడెన్సీలు వేరు, సర్టిఫికేషన్ వేరు. ఇచ్చేది మాత్రం ఒకే సంస్థ, 1949 నుంచి ఉన్న అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ పాథాలజిస్ట్స్. అందరూ ఏసీవీపీ అంటారు. యూరప్‌లో క్లినికల్ పాథాలజీకి ఈసీవీసీపీ అని విడిగా ఒక కాలేజీ ఉంది. నాకు దగ్గరగా తెలిసింది అమెరికా పద్ధతి కాబట్టి దాని గురించే చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది

రోజంతా మైక్రోస్కోప్ ముందు కూర్చుని కేసులు చదవడమే మీకు ఇష్టమైతే, పెద్ద డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో ఉద్యోగం మీ లక్ష్యమైతే, రెసిడెన్సీ ఒక్కటే చేయండి. మూడేళ్లలో అయిపోతుంది. ఆ ఉద్యోగానికి కావాల్సింది బోర్డు సర్టిఫికేషన్, అంటే ఏసీవీపీ పరీక్ష పాసై తెచ్చుకునే సర్టిఫికెట్. పీహెచ్‌డీ లేదని మిమ్మల్ని ఎవరూ తక్కువగా చూడరు. అది గౌరవమైన పని, జంతువులకు నేరుగా మేలు చేసే పని.

కలిపి చేయడం ఎవరికి అంటే, రిపోర్టు మీద సంతకం పెట్టి పంపేశాక కూడా "ఈ నంబర్ ఇలా ఎందుకొచ్చింది" అని వెతుకుతూ కూర్చునేవాళ్లకి. యూనివర్సిటీలో ఫ్యాకల్టీగా ఉండి సొంత రీసెర్చ్ నడపాలనుకునేవాళ్లకి. కొత్త పరీక్షలు తయారుచేసే కంపెనీల్లోకి, మందుల కంపెనీల్లో సేఫ్టీ స్టడీస్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి కూడా. కొత్త మందు మనుషుల దాకా రాకముందు జంతువుల మీద జరిగే పరీక్షల్లో రక్తం రిపోర్టులను అర్థం చేసుకుని చెప్పేది క్లినికల్ పాథాలజిస్టే. అక్కడ పీహెచ్‌డీ తప్పనిసరి కాకపోయినా, స్టడీని ఎలా డిజైన్ చేస్తారో తెలిసినవాళ్లకు పని తేలికగా ఉంటుంది.

మొత్తం కోర్సు మామూలుగా ఐదారేళ్లు పడుతుంది. అంతకన్నా ఎక్కువ పట్టినవాళ్లూ ఉన్నారు. "ఎలాగూ వెళ్తున్నాం కదా, రెండూ చేసేస్తే పోతుంది" అనే ఆలోచనతో మాత్రం చేరకండి. నాలుగో ఏడాదిలో ప్రయోగాలు కుదరక, తోటి రెసిడెంట్లు ఉద్యోగాల్లో చేరిపోయి, మీరు ఇంకా స్టైపెండ్ మీద ఉన్నప్పుడు ఆ ఆలోచన మిమ్మల్ని నిలబెట్టలేదు.

మూడు రకాల అమరికలు

కాగితం మీద అన్నిటినీ కంబైన్డ్ ప్రోగ్రామ్ అనే అంటారు. లోపల నడిచే తీరు వేరు. కొన్నిచోట్ల ముందు రెసిడెన్సీ పూర్తిగా చేసి, తర్వాత మూడేళ్లు పూర్తిగా పీహెచ్‌డీ. కొన్నిచోట్ల మొదటి నుంచీ రెండూ అల్లుకుని ఉంటాయి: కొన్ని వారాలు డయాగ్నస్టిక్ డ్యూటీ, కొన్ని వారాలు రీసెర్చ్. మూడో రకంలో పీహెచ్‌డీలోనే ముందు చేర్చుకుని రెసిడెన్సీ శిక్షణను తర్వాత ఇస్తారు.

నన్నడిగితే మొదటిదే మేలు. స్లైడ్ చదవడం చేతికి, కంటికి అలవాటు కావాల్సిన విద్య. తెరపి లేకుండా చూస్తేనే వస్తుంది. వారం చూసి, మూడు వారాలు సెల్ కల్చర్ చేసి, మళ్లీ స్లైడ్ల దగ్గరికొస్తే ప్రతిసారీ వెనక్కి వెళ్లి మొదలుపెట్టినట్టే ఉంటుంది. పైగా రెసిడెన్సీ ముందు చేస్తే ల్యాబ్‌లో ఏ ప్రశ్నలకు జవాబుల్లేవో మీకే తెలుస్తుంది. అప్పుడు ఎంచుకున్న పీహెచ్‌డీ టాపిక్ మీదవుతుంది. అల్లుకుని ఉండే పద్ధతిలోనూ బాగా రాణించినవాళ్లున్నారు. అలాంటిచోట చేరితే డ్యూటీ వారాలు కనీసం రెండు మూడు వరుసగా ఉండేలా అడగండి.

మొదటి పద్ధతిలో ఒక ప్రమాదముంది. పీహెచ్‌డీ ఏళ్లలో మైక్రోస్కోప్‌కి పూర్తిగా దూరమైతే సైటాలజీ (కణాలను చూసి జబ్బు చెప్పడం) మీద పట్టు సడలిపోతుంది. వారంలో ఒక పూటైనా కేసుల దగ్గర కూర్చోండి. అది మీ హక్కుగా ముందే రాయించుకోండి.

అప్లై చేసే ముందు

పాథాలజీలో చాలా రెసిడెన్సీలు మిగతా స్పెషాలిటీల్లాగా జాతీయ మ్యాచ్ (అభ్యర్థుల, ప్రోగ్రాముల ఎంపికలను ఒకేచోట జతచేసే పద్ధతి) ద్వారా నిండవు. యూనివర్సిటీలు నేరుగా ప్రకటనలిస్తాయి. ఏసీవీపీ వెబ్‌సైట్, 1965లో ఏర్పడిన అమెరికన్ సొసైటీ ఫర్ వెటర్నరీ క్లినికల్ పాథాలజీ వెబ్‌సైట్, ఈ రెండూ తరచూ చూస్తూ ఉండండి. కంబైన్డ్ ప్రోగ్రామ్‌కి తరచూ రెండు అప్లికేషన్లు ఉంటాయి, ఒకటి డిపార్ట్‌మెంట్‌కి, ఇంకొకటి గ్రాడ్యుయేట్ స్కూల్‌కి. రెండింటి గడువులు ఒకటే కాకపోవచ్చు. డిపార్ట్‌మెంట్ వాళ్లు సరే అన్నారని నిశ్చింతగా ఉండి, గ్రాడ్యుయేట్ స్కూల్‌కి ట్రాన్‌స్క్రిప్టులు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు పంపడం ఆలస్యమైతే సీటు చేజారిపోతుంది.

మన బీవీఎస్సీ డిగ్రీతో అప్లై చేయొచ్చా అని అడుగుతుంటారు. చాలా ప్రోగ్రాములు డీవీఎం (అమెరికా వెటర్నరీ డిగ్రీ) లేదా దానికి సమానమైన డిగ్రీ ఉంటే చాలంటాయి. విదేశీ వెటర్నరీ డిగ్రీ అమెరికా డిగ్రీకి సమానమని తేల్చే ఈసీఎఫ్‌వీజీ సర్టిఫికెట్ అడిగేవీ ఉన్నాయి. ప్రకటన చదివి, సందేహముంటే ప్రోగ్రామ్ డైరెక్టర్‌కి నేరుగా ఈమెయిల్ రాయండి. నాలుగు లైన్లు చాలు: మీరెవరు, ఏం చేశారు, ఏం అడుగుతున్నారు. "రెస్పెక్టెడ్ సర్" అంటూ రెండు పేజీల ఉత్తరం రాస్తే అందులో అసలు ప్రశ్న ఎక్కడుందో వాళ్లకు దొరకదు.

అప్లికేషన్‌లో నిజంగా బరువుండేది మీరు ఈ పనిని దగ్గరగా చూశారనే రుజువు. ఎక్స్‌టర్న్‌షిప్‌కి వెళ్లగలిగితే అంతకన్నా మంచిది లేదు. రెండు మూడు వారాలు ఒక డయాగ్నస్టిక్ సర్వీస్‌లో కూర్చుంటే మీ గురించి వాళ్లకు, వాళ్ల గురించి మీకు తెలిసిపోతుంది. వెళ్లలేకపోతే మీరున్నచోటే ఒక పని చేయండి. మీ క్లినిక్‌కి వచ్చే ప్రతి రక్తపరీక్షకీ మీరే స్మియర్ (గాజు పలక మీద పలచగా పరిచిన రక్తం) వేసి, రంగేసి, మెషిన్ ఇచ్చిన నంబర్‌తో పోల్చి ఒక పుస్తకంలో రాసుకోండి. ఆర్నెల్లకి మీ దగ్గరుండే ఆ పుస్తకం, అందులోంచి రాసిన ఒక కేస్ రిపోర్టు, ఇవి ఏ సిఫారసు ఉత్తరానికీ తీసిపోవు. చదువుకోవడానికి కార్నెల్ యూనివర్సిటీ నడిపే ఈక్లిన్‌పాథ్ వెబ్‌సైట్ ఉచితం. ఫొటోలతో, కారణాలతో అంత శుభ్రంగా చెప్పేది ఇంకోటి నేను చూడలేదు.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో చిన్నప్పటి నుంచి జంతువులంటే ప్రాణమని రాయకండి. అందరికీ ప్రాణమే. మిమ్మల్ని ఆలోచనలో పడేసిన ఒక్క కేసు రాయండి. మెషిన్ ఏమంది, స్లైడ్‌లో ఏం కనిపించింది, రెండూ ఎందుకు కలవలేదు, మీరేం చేశారు. చదివేవాళ్లు పాథాలజిస్టులు, కేసు కనబడితే ఆగి చదువుతారు.

ఇంటర్వ్యూలో మీరు అడగాల్సినవి

నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది ఇక్కడే. వాళ్లు మిమ్మల్ని చూస్తున్నట్టే మీరూ వాళ్లను చూడాలి. మనవాళ్లు ఇంటర్వ్యూలో ప్రశ్నలు అడగడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటానికి తర్వాత ఐదేళ్లు కట్టాల్సి వస్తుంది.

ముందు డబ్బు సంగతి. "ఆరేళ్లకూ ఫండింగ్ ఉందా?" అంటే అందరూ ఉందనే అంటారు. ఏ ఏడాది ఎవరు ఇస్తున్నారో అడగండి. రెసిడెన్సీ ఏళ్ల జీతం సాధారణంగా డయాగ్నస్టిక్ సర్వీస్ నుంచో కాలేజీ నుంచో వస్తుంది. పీహెచ్‌డీ ఏళ్లది గైడ్ గ్రాంట్ నుంచి, అసిస్టెంట్‌షిప్ నుంచి, లేదా ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) శిక్షణ గ్రాంట్ నుంచి వస్తుంది. ఎన్‌ఐహెచ్ టీ32 శిక్షణ గ్రాంట్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. వీసా మీద ఉన్నవాళ్లకు రావు. కాబట్టి "మా పీహెచ్‌డీ విద్యార్థులందరూ టీ32 మీద ఉంటారు" అని ఎవరైనా గర్వంగా చెబితే, "నాలాంటివాళ్లకు ఆ ఏళ్లలో జీతం ఎక్కడినుంచి?" అని వెంటనే అడగండి. గైడ్ గ్రాంట్ మధ్యలో ముగిసిపోతే డిపార్ట్‌మెంట్ భరిస్తుందా అన్నదీ అడగండి. ట్యూషన్ ఫీజు మాఫీ అన్ని ఏళ్లకూ ఉందా, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో అక్షరాల్లో ఉండాలి.

వీసా కూడా అంతే. రెసిడెన్సీ కాలానికి ఏ వీసా, పీహెచ్‌డీకి ఏ వీసా, మధ్యలో మార్చాల్సి వస్తే ఎవరు చూసుకుంటారు? జే-1 (ఎక్స్‌చేంజ్ విజిటర్ వీసా) అయితే కొందరికి కోర్సు తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు వర్తిస్తుంది. మీకు వర్తిస్తుందో లేదో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో రాతపూర్వకంగా తెలుసుకోండి. సంతకం పెట్టాక తెలుసుకుని లాభం లేదు.

తర్వాత సమయం. రీసెర్చ్‌కి కేటాయించిన సమయాన్ని అక్కడ ప్రొటెక్టెడ్ టైమ్ అంటారు. అది నిజంగా మీకు మిగులుతుందో లేదో సర్వీస్‌లో ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. బోర్డు సర్టిఫికేషన్ ఉన్న ఫ్యాకల్టీ ఇద్దరే ఉండి, ఒకరు ప్రసూతి సెలవులోనో సబాటికల్‌లోనో వెళ్తే, ఆ కేసులు ఎవరు చూస్తారు? మీరే. అందుకని "ప్రొటెక్టెడ్ టైమ్ ఉందా" అని అడక్కండి. "పోయినేడాది పీహెచ్‌డీలో ఉన్న రెసిడెంట్ క్యాలెండర్ చూపిస్తారా" అని అడగండి. అందులో ఉన్నదే మీకు దక్కేది.

ప్రస్తుత రెసిడెంట్లతో ఫ్యాకల్టీ లేకుండా విడిగా మాట్లాడే అవకాశం కోరండి. గత కొన్నేళ్లలో చేరినవాళ్లు ఎంతమంది పీహెచ్‌డీ పూర్తి చేశారు, ఎంతమంది మధ్యలో మాస్టర్స్‌తో బయటపడ్డారు, బోర్డు పరీక్ష ఎన్నో ప్రయత్నంలో పాసయ్యారు, ఇప్పుడు ఎక్కడున్నారు, ఇవన్నీ అడగండి. వాళ్లు జవాబు చెప్పే ముందు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే గమనించండి.

చివరగా గైడ్ గురించి. క్లినికల్ మెంటర్, రీసెర్చ్ గైడ్ ఒకరే కావచ్చు, ఇద్దరు కావచ్చు. ఇద్దరైతే వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం ఉందా అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. రీసెర్చ్ గైడ్‌కి క్లినికల్ పాథాలజీ తెలియకపోయినా ఫర్వాలేదు. మీ డ్యూటీ వారాన్ని టైమ్‌వేస్ట్‌గా చూసే మనిషి మాత్రం వద్దు. చేరాక ఇద్దరితో కలిపి మూడు నెలలకోసారి మీటింగ్ పెట్టించండి. వచ్చే మూడు నెలల క్యాలెండర్‌ని ఒక పేజీలో రాసి, ముగ్గురూ ఒప్పుకున్నాక ఈమెయిల్‌లో పంపండి. తర్వాత టెన్షన్ వచ్చినప్పుడు మీరు ఎవరితోనూ వాదించక్కర్లేదు, ఆ ఈమెయిల్ చూపిస్తే చాలు.

మొదటి ఏడాది బల్ల దగ్గర

కొత్తగా వచ్చిన రెసిడెంట్లకి అరుదైన ల్యుకేమియాలు చూడాలని ఆత్రం. నేను మొదటి నెలలో వాళ్లకు మెషిన్ ఎక్కడ తప్పు చెబుతుందో మాత్రమే చూపిస్తాను.

పిల్లి రక్తం తీసుకోండి. మెషిన్ ప్లేట్‌లెట్లు 40 వేలు అంటుంది. కంగారుపడకుండా స్మియర్ పెట్టి ముందు తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఈక అంచుకి, అంటే స్మియర్ పలచబడి ముగిసే చివరికి, వెళ్లండి. పిల్లి ప్లేట్‌లెట్లు తేలిగ్గా గుంపులు కడతాయి. ఆ గుంపులు అంచుకే కొట్టుకుపోయి ఉంటాయి. వాటిని మెషిన్ ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు. కొన్ని మెషిన్లలో ఇంకో చిక్కు, పిల్లి ప్లేట్‌లెట్ పెద్దది, ఎర్రకణం చిన్నది, పరిమాణం చూసి లెక్కపెట్టే మెషిన్ ఒకదాన్ని ఇంకోటి అనుకుంటుంది. గుంపులు లేవని తేలాకే కణాలు ఒకే వరసలో పరచుకున్న చోటికి వచ్చి, ఆయిల్ ఇమర్షన్‌లో పది ఫీల్డులు లెక్కపెట్టి, సగటుని 15 వేలతోనో 20 వేలతోనో గుణించండి. మైక్రోలీటరుకి సుమారు ఎన్నో వస్తుంది. గుంపులుంటే "కౌంట్ ఇంతకన్నా ఎక్కువే, కనీసం ఇంత" అని రాయాలి. క్లినిక్‌లో ఉన్న డాక్టర్‌కి ఆ ఒక్క వాక్యమే పనికొస్తుంది.

ఇంకోటి. కుక్క కెమిస్ట్రీలో పొటాషియం లీటరుకి 15 మిల్లీమోల్స్ పైన, కాల్షియం డెసీలీటరుకి 3 మిల్లీగ్రాముల లోపు. ఆల్కలైన్ ఫాస్ఫటేస్ కూడా బాగా తక్కువ. ఆ పొటాషియంతో గుండె నడవదు, కానీ కుక్క వెయిటింగ్ రూమ్‌లో తోకాడిస్తోంది. జరిగిందేమిటంటే సీబీసీ (రక్తకణాల లెక్క) కోసం, రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన ట్యూబులో తీసిన రక్తాన్ని కెమిస్ట్రీ ట్యూబులోకి వొంపారు. ఈడీటీఏ పొటాషియం ఉప్పు కాబట్టి పొటాషియం పెరిగింది. అది కాల్షియాన్ని పట్టేసుకుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేస్ పనిచేయడానికి కావాల్సిన జింక్, మెగ్నీషియంలను కూడా పట్టేసుకుంది. మూడు నంబర్లనూ కలిపి చూస్తే కారణం ఒక్కటే. రెసిడెంట్ ఈ మూడింటినీ ఒకే చూపులో కలిపి చదవగలిగిన రోజు నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హీమోగ్లోబిన్ సాంద్రత) బాగా ఎక్కువగా వస్తే కూడా ఇదే అలవాటు. ఎర్రకణంలో హీమోగ్లోబిన్ పట్టే చోటుకి హద్దుంది. ప్లాస్మా పాలలా తెల్లగా ఉందా, హీమోలైసిస్ (ఎర్రకణాలు పగలడం) ఉందా, హైంజ్ బాడీలు (ఎర్రకణంలో పాడైన హీమోగ్లోబిన్ ముద్దలు) ఉన్నాయా చూడండి. ఇక డిఫ్-క్విక్ లాంటి త్వరగా పనయ్యే రంగులు కొన్ని మాస్ట్ సెల్ ట్యూమర్లలో గ్రాన్యూల్స్‌ని చూపించవు. అనుమానముంటే రైట్-గీమ్సా వేయండి. మీరు చూసిన ప్రతి సైటాలజీకీ తర్వాత బయాప్సీ ఏమని వచ్చిందో వెతికి పక్కన రాసుకోండి. మీ కంటికి పదునుపెట్టేది ఆ జాబితాయే.

రీసెర్చ్ ప్రశ్న ఎక్కడినుంచి వస్తుంది

ఒక ఉదాహరణ చెబుతాను. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ కుక్కల్లో చాలావాటికి మెషిన్ ప్లేట్‌లెట్లు బాగా తక్కువ చూపిస్తుంది. కుక్కకి రక్తస్రావం ఉండదు, ఆరోగ్యంగా తిరుగుతుంటుంది. స్లైడ్‌లో చూస్తే ప్లేట్‌లెట్లు సంఖ్యలో తక్కువ, కానీ ఒక్కొక్కటి చాలా పెద్దవి. మొత్తం ప్లేట్‌లెట్ పరిమాణం లెక్కేస్తే దాదాపు మామూలే. ఎందుకు అని అడిగినవాళ్లు వెతుక్కుంటూ వెళ్తే బీటా-1 ట్యూబులిన్ జన్యువులో మార్పు దొరికింది. ట్యూబులిన్ సరిగా లేకపోతే మెగాకారియోసైట్ (ప్లేట్‌లెట్లను తయారుచేసే కణం) నుంచి ప్లేట్‌లెట్లు విడివడే తీరు మారుతుంది. మెషిన్ నంబర్‌కీ స్లైడ్‌కీ పొంతన లేకపోవడంతో మొదలైన ప్రశ్న జన్యువు దాకా వెళ్లింది. ప్లేట్‌లెట్ల జబ్బనుకుని అనవసరంగా ఇచ్చే స్టెరాయిడ్ల నుంచి ఎన్నో కుక్కలు తప్పించుకున్నాయి. కంబైన్డ్ ట్రైనింగ్ ఉన్నది ఇలాంటి ప్రశ్నల కోసమే.

కాబట్టి టాపిక్ ఎంచుకునేటప్పుడు నా సలహా ఇది: మీ రెసిడెన్సీ విద్య లేకపోతే చేయలేని ప్రశ్న తీసుకోండి. ఎలుకల్లో ఏదో సిగ్నలింగ్ పాత్‌వే మీద పనిచేయడానికి మీరే అక్కర్లేదు, ఆ ల్యాబ్‌లో ఉన్న ఏ విద్యార్థైనా చేస్తారు. రక్తం గడ్డకట్టడం, ల్యుకేమియా-లింఫోమాల ఫ్లో సైటోమెట్రీ (కణాలను లేజర్‌తో ఒక్కొక్కటిగా గుర్తించడం), ఐరన్ మెటబాలిజం, కిడ్నీ దెబ్బతినడాన్ని ముందే పట్టే మార్కర్లు, వీటిలో మన కన్ను కావాలి. ఆ దిశలో లోతుగా వెళ్లిన చోట్లు ఉన్నాయి. కార్నెల్‌లో కంపారిటివ్ కోయాగ్యులేషన్ (రక్తం గడ్డకట్టడం) ల్యాబ్, కొలరాడో స్టేట్‌లో కుక్కల లింఫోమా, ల్యుకేమియాల మీద పనిచేసే హెమటోపాథాలజీ ల్యాబ్. ఇలాంటిచోట్ల డయాగ్నస్టిక్ కేసులు, రీసెర్చ్ శాంపిల్స్ ఒకే తలుపు గుండా వస్తాయి.

మొదటి చాప్టర్‌గా మెథడ్ వాలిడేషన్ పెట్టుకోండి. మీరు కొలవబోయే మార్కర్‌ని ఆ పరీక్ష నిజంగా కొలుస్తోందా, ఒకే శాంపిల్‌ని పదిసార్లు పెడితే ఎంత తేడా వస్తోంది, హీమోలైసిస్, లైపీమియా (ప్లాస్మాలో కొవ్వు) ఉంటే ఎటు జరుగుతోంది, ఆరోగ్యంగా ఉన్న జంతువుల్లో ఎంత ఉంటుంది. రిఫరెన్స్ ఇంటర్వల్ (ఆరోగ్యమైన జంతువుల్లో ఉండే మామూలు పరిధి) తేల్చడానికి నాన్‌పారామెట్రిక్ పద్ధతిలో కనీసం 120 ఆరోగ్యమైన జంతువులు కావాలి. 40 నుంచి 120 లోపైతే వేరే గణాంక పద్ధతులున్నాయి. 20 లోపు ఉంటే ఇంటర్వల్ తయారుచేయకపోవడమే మంచిది. ఈ చాప్టర్ ఆకర్షణగా ఉండదని గైడ్లు కొందరు పెదవి విరుస్తారు. కానీ దీని మీద పేపర్ వస్తుంది, పరీక్షకు చదివిన క్వాలిటీ కంట్రోల్ ఇక్కడ పనికొస్తుంది, తర్వాతి చాప్టర్లలో వచ్చిన తేడా జబ్బుదా పరీక్షదా అని కమిటీ అడిగితే మీ దగ్గర జవాబుంటుంది.

శాంపిల్స్ సేకరణ రెసిడెన్సీలో ఉండగానే మొదలుపెట్టండి. డయాగ్నస్టిక్ పని అయ్యాక మిగిలిన ప్లాస్మా, సీరం వాడుకోవడానికి యూనివర్సిటీ నియమాలేంటో, యజమాని అనుమతి పత్రం కావాలో, జంతు పరిశోధన కమిటీ ఆమోదం కావాలో ముందు కనుక్కోండి. మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టే ప్రతి గొట్టానికీ జాతి, వయసు, ఏ ట్యూబులో తీశారు, తీసిన ఎంతసేపటికి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారు, రంగెలా ఉంది, ఎన్నిసార్లు కరిగించారు రాసి ఉండాలి. కోయాగ్యులేషన్ పనైతే సిట్రేట్ ఒక పాలు, రక్తం తొమ్మిది పాళ్లు సరిగ్గా పడిందా అన్నది కూడా. వివరాల్లేని శాంపిల్ ఎంత అరుదైన కేసుదైనా థీసిస్‌కి పనికిరాదు.

గ్రాంట్లు చిన్నవైనా రాయడం అలవాటు చేసుకోండి. మోరిస్ యానిమల్ ఫౌండేషన్, కుక్కల ఆరోగ్యానికి ఏకేసీ (అమెరికన్ కెనెల్ క్లబ్) కనైన్ హెల్త్ ఫౌండేషన్, పిల్లులకు ఎవ్రీక్యాట్ హెల్త్ ఫౌండేషన్ ఉన్నాయి. పీహెచ్‌డీ తర్వాత సొంత రీసెర్చ్‌కి వెళ్లేవాళ్లకు ఎన్‌ఐహెచ్‌లో వెటర్నరీ డాక్టర్ల కోసం కే01 అవార్డు ఉంది, అది పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకే. ఎన్‌ఐహెచ్ వాళ్లదే ఇంకో అవార్డు, కే99కి మాత్రం వీసా మీద ఉన్నవాళ్లూ రాయొచ్చు. ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

బోర్డు పరీక్ష ఎప్పుడు

ఏసీవీపీ పరీక్ష రెండు దశలు. మొదటి దశ జనరల్ పాథాలజీ. రెండో దశలో మన సబ్జెక్టు: హెమటాలజీ, క్లినికల్ కెమిస్ట్రీ, సైటాలజీ వగైరా. అర్హతలు, తేదీలు ఆ ఏడాది క్యాండిడేట్ హ్యాండ్‌బుక్‌లో చూసుకోండి, సీనియర్లు చెప్పిన పాత లెక్క నమ్ముకోకండి.

మొదటి దశని రెసిడెన్సీలో ఉండగానే రాసేయండి. రెండో దశ గురించి అభిప్రాయభేదాలున్నాయి. పీహెచ్‌డీ కూడా అయ్యాక తీరిగ్గా రాయొచ్చనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రెసిడెన్సీ అయిన వెంటనే, చదివింది వేడిగా ఉండగానే రాయాలి. అందుకు గైడ్‌తో ముందే మాట్లాడి కొన్ని నెలలు ప్రయోగాలు తగ్గించుకోవాలి. ఆ నెలలు పోయినట్టు కాదు. బోర్డు అయిపోయిన విద్యార్థి మిగతా ఏళ్లు ఒకే పని మీద మనసు పెట్టగలుగుతారు, అవసరమైతే సర్వీస్‌లో కేసులు చూసి ల్యాబ్‌కి తోడ్పడగలుగుతారు.

చదవడం ఒంటరిగా కుదరదు. వేరే యూనివర్సిటీల రెసిడెంట్లతో వారానికోసారి వీడియోలో కూర్చుని ఒకరికొకరు స్లైడ్ ఫొటోలు పెట్టుకోండి. వర్ణించడం పెద్దగా, నోటితో చేయాలి: కణాలు ఎన్ని, ఎలా పరచుకున్నాయి, న్యూక్లియస్ ఎలా ఉంది, సైటోప్లాజంలో ఏముంది, ఆ తర్వాతే పేరు. ముందే పేరు చెప్పేసే అలవాటు పరీక్షలోనూ, నిజమైన కేసులోనూ దెబ్బతీస్తుంది. ఏటా జరిగే మీటింగ్‌లో మిస్టరీ స్లైడ్ సెషన్ ఉంటుంది. ఒక కేసు పంపించి మీరే మాట్లాడండి. హాల్లో కూర్చున్నవాళ్లలో మీ రేపటి ఇంటర్వ్యూ బోర్డు ఉంటుంది.

చివరి ఏడాది

ఉద్యోగాల వెతుకులాట థీసిస్ రాయడానికి ఏడాది ముందే మొదలవ్వాలి, ముఖ్యంగా వీసా మీద ఉన్నవాళ్లకి. యూనివర్సిటీ పోస్టుల ఇంటర్వ్యూలు, జీతం మాటలు, వీసా కాగితాలు కలిసి చాలా నెలలు తింటాయి. ఆఫర్ వచ్చినప్పుడు డ్యూటీ వారాలు, రీసెర్చ్ వారాలు ఎన్నో మళ్లీ రాయించుకోండి. రెసిడెంట్‌గా అడిగిన ప్రశ్నలే, ఈసారి ఫ్యాకల్టీగా అడుగుతారు.

వెళ్లే ముందు గైడ్‌తో కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి. ఇంకా అచ్చు కాని డేటాతో వచ్చే పేపర్లలో మీ పేరు ఎక్కడుంటుంది, ఏ టాపిక్‌ని మీరు కొత్త ల్యాబ్‌కి తీసుకెళ్తారు, ఏది అక్కడే వదిలేస్తారు, ఫ్రీజర్‌లో మిగిలిన శాంపిల్స్‌లో మీకు వాటా ఉందా. జవాబుల్ని ఈమెయిల్‌లో రాసి పంపి, ఒప్పుకున్నట్టు తిరుగు జవాబు తీసుకోండి. తర్వాత ఫ్రీజర్ జాబితాని, అనుమతి పత్రాల ఫైలుని, మీరు పోగేసిన టీచింగ్ స్లైడ్లని కొత్తగా చేరిన రెసిడెంట్‌కి పక్కన కూర్చోబెట్టుకుని చూపించి అప్పగించండి.